అందఱి బండి

నాగర్‌కర్నూలు జిల్లాలోని తిమ్మాజిపేటకు రైలుమార్గము లేదు. ఆ ఊరివారు రైలెక్కవలెనన్న జడ్చర్ల స్టేషనుకు పోవుదురు. అట్టి గ్రామములనుండి సైతము నేడు యువకులు చదువులకై, ఉద్యోగములకై సముద్రములు దాటి పోవుచున్నారు. వారిని చూచుటకో, సెలవులలో నాలుగు వింతలు చూచుటకో పిల్లలతో కూడ విదేశములకు వెళ్లు కుటుంబములును కలవు. అచ్చట దిగినంతనే ఒక ప్రశ్న యెదురగును: అద్దె కారులో తిరుగుటయా? అందఱెక్కు రైలులో తిరుగుటయా?

కారు పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. ముసలివారికి మెట్లెక్కు శ్రమ తప్పును. మూటలు మోయు బాధ యుండదు. కోరినచోట ఆగవచ్చును. నడువలేని పెద్దలున్నప్పుడు కారే మేలు. ఐనను తక్కినవారికి రైలే తగిన వాహనము. కారు యాత్రికుని చూడదగిన స్థలమునకు చేర్చును గాని ఆ దేశపు జనుల కడకు చేర్చదు. అద్దముల నడుమ కూర్చుండి పోవువాడు తన యింటినే చక్రములపై నిడుకొని పోయినవాడగును.

జపాను దేశమున 1964 అక్టోబరు 1వ తేదీన టోక్యో, ఒసాకా నగరముల నడుమ షింకాన్‌సేన్ అను వేగపు రైలు నడువసాగెను. ఆనాడే దాని వేగము గంటకు 210 కిలోమీటర్లు. పిల్లలు ఆ వేగమునకు అబ్బురపడుట సహజము. కాని అంతకంటె చూడదగినది వేఱొకటి కలదు. ప్లాట్‌ఫారముపై గీచిన గుర్తులయొద్ద జనులు వరుసగా నిలుతురు. దిగువారు దిగినపిదపనే ఎక్కుదురు. స్విట్జర్లండులో పెక్కు స్టేషన్లకు ద్వారబంధములే లేవు. ఎవరైనను నేరుగా బండి యెక్కవచ్చును. టిక్కెట్లు బండిలోనే తనిఖీ చేయుదురు. లక్సెంబర్గు దేశమున 2020వ సంవత్సరమునుండి మొదటి తరగతి తప్ప రైళ్లలో టిక్కెట్టే లేదు. పరదేశికిని అదే నియమము. ఇట్టి సంగతులు పుస్తకమున చదువుటకంటె ఒక్క దినము ఆ జనులతో కూర్చుండి పోయినచో బాగుగా మనసున నాటును.

ఐతే విదేశపు రైళ్లన్నియు ఎల్లప్పుడును సమానత్వమునే నేర్పినవని తలపరాదు. 1893 జూన్ 7వ తేదీ రాత్రి దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో గాంధీజీని మొదటి తరగతి పెట్టెనుండి క్రిందికి దింపివేసిరి. ఆయన చేత టిక్కెట్టుండెను. ఆయన చర్మపు రంగే నేరమయ్యెను. 1915లో స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట ఆయన మూడవ తరగతిలోనే దేశము తిరిగి, అందలి ప్రజల యిక్కట్లను గూర్చి 1917లో వ్రాసెను. బండి ఇనుముతో చేసినది. దానిలో కూర్చుండు మనుష్యుల నడవడియే దానికి మంచి చెడ్డలు తెచ్చును.

మన రైళ్లలో త్రోపులాట కలదనుట నిజము. కాని దానికి జనులనే నిందించుట న్యాయము కాదు. చోటు చాలనప్పుడు, బండి తప్పిపోవునను భయమే మనిషిని త్రోయును. పెట్టెలు పెంచుట ప్రభుత్వము పని. అంతటి యిఱుకులోను ఎఱుగని తల్లి బిడ్డకు చోటిచ్చుట, తెచ్చుకొన్న సద్ది పంచుకొనుట మన బండ్లలో నేటికిని కానవచ్చును. ఇది ఏ దేశమునుండియు అరువు తెచ్చుకొన్న గుణము కాదు.

కావున విదేశయాత్ర చేసిన బాలుడు అచ్చటి రైలును పొగడి, ఇచ్చటి రైలును ఎగతాళి చేసినచో ఆ ప్రయాణపు ఖర్చు వ్యర్థమే. అచ్చట వరుసలో నిలిచిన కాళ్లు జడ్చర్లలోను నిలువవలెను. అచ్చట తొక్కను చెత్తబుట్టలో వేసిన చేయి ఇచ్చట కిటికీలోనుండి విసరరాదు. అందఱి సొత్తు ఎవరిదియు కాదని తలచువాడు దానిని పాడుచేయును; తనది కూడ అని తలచువాడు కాపాడును.