ప్రయోగము – ఉపసంహారము: విసరు ఆయుధమును గూర్చి ఒక విచారము

గత వేసవి సెలవులలో మా దౌహిత్రుడు తన మిత్రులతో మా యింటి అరుగుమీద ఒక ఆట ఆడుచుండగా చూచితిని. ఒకడు కథ నడుపును. తక్కినవారు అందలి పాత్రలై తాము చేయదలచినది నోటితో చెప్పుదురు. అది ఫలించునో లేదో ఇరువది ముఖముల పాచిక నిర్ణయించును. ఆట పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను అమెరికా దేశీయులు దీనిని వెలువరించిరి. బాలుర కాలక్షేపమని తలచి లోనికి పోబోవుచుండగా ఒకడు మరియొకనితో, "ఆ సుత్తి నీకు వశము కాదురా, నీవు మరుగుజ్జు జాతివాడవు కావుగదా!" అనెను. ఆ మాట నన్ను నిలిపివేసెను. అది అధికారిని గూర్చిన చర్చ. మన తరగతులలో అస్త్రప్రసంగము వచ్చినపుడు ఇట్టి ప్రశ్న విని చాలకాలమైనది.

వారి గ్రంథమును చదివించుకొంటిని. 2014 నాటి ప్రతిలో ఆ సుత్తి పేరు 'డ్వార్వెన్ త్రోయర్'. మరుగుజ్జు జాతివానికి మాత్రమే దాని మహిమ వశమగును. 20 అడుగుల దూరమువరకు సుకరముగను, 60 అడుగులవరకు ప్రయాసతోను విసరవచ్చును. లక్ష్యము మహాకాయుడైనచో దెబ్బ అధికమగును. తగిలినను తగులకున్నను అది వెంటనే విసరినవాని చేతికి తిరిగివచ్చును. అందే 'జావెలిన్ ఆఫ్ లైట్నింగ్' అను ఈటె కలదు. విసరునపుడు నియతమైన ఒక పదమును ఉచ్చరింపవలెను. అప్పుడది మెఱుపై, 120 అడుగుల లోపలి లక్ష్యమువరకు పోయి, మరల ఈటె యగును. ఆ శక్తి మరునాటి అరుణోదయమువరకు మరల ఉపయోగపడదు. అధికారి, మంత్రము, పరిమితి, కాలనియమము అను నాలుగును ఇందు కలవు.

ఇంతమాత్రమున "ఇదంతయు మననుండి గ్రహించినదే" అనుటకు మనవారిలో కొందరు సంసిద్ధులై యుందురు. అది తగదు. ఆ సుత్తికి దగ్గరి పూర్వరూపము ఉత్తర ఐరోపా గాథలలో కలదు. 13వ శతాబ్దిలో ఐస్‌లాండ్ పండితుడు స్నోర్రి స్టర్లుసన్ రచించిన ఎడ్డా గ్రంథమున థోర్ దేవుని సుత్తియైన మ్యోల్నిర్ వర్ణితమైనది. దానిని మరుగుజ్జులే చేసిరి. అది గురి తప్పదు. ఎంత దూరము విసరినను చేతికి తిరిగివచ్చును. కొలిమితిత్తి ఊదువానిని ఒక ఈగ కుట్టుటచే పని క్షణకాల మాగి, దాని పిడి పొట్టిదైనదట. దేవాయుధమునకు సైతము లోపము చెప్పిన ఆ కథకుని వివేకము మెచ్చదగినది. సాదృశ్యము కనబడినంతనే ఋణము నిర్ణయించుట శాస్త్రపద్ధతి కాదు. సాదృశ్యమువలన మన గ్రంథమును మరల శ్రద్ధగా చదువుటయే ప్రయోజనము.

అట్లు చదువుదము. అస్త్రశబ్దమునకు మూలమైన 'అస్' ధాతువునకు క్షేపణమే అర్థము. విసరబడునది అస్త్రము, కోయునది శస్త్రము. అగ్నిపురాణములోని ధనుర్వేదభాగము యుద్ధసాధనములను యంత్రముక్తము, పాణిముక్తము, ముక్తసంధారితము, అముక్తము, బాహుయుద్ధము అని విభజించినది. విడిచియు మరల పట్టుకొనదగినది ముక్తసంధారితము. ప్రాసమును అందు చేర్చిరి. అనగా విసరుటతో పాటు తిరిగి పొందుటయు మన పూర్వుల వర్గీకరణమున ప్రత్యేకస్థానము నందినది.

ఇక ఇతిహాసములకు వత్తము. బాలకాండమున విశ్వామిత్రునినుండి అస్త్రములను పొందిన రాముడు, అంతతో తృప్తి చెందక, వాని సంహారక్రమమును గూడ ఉపదేశింపుమని అడిగెను. కర్ణుడు కవచకుండలములిచ్చి ఇంద్రునివలన పొందిన శక్తి ఒక్క శత్రువునే చంపి, కర్ణుని చేతికి గాక ఇంద్రుని చేతికే తిరిగిపోవును. ప్రాణసంకటము లేనప్పుడు, ఇతరాయుధములు ఉండగా ప్రయోగించినచో కర్ణునిమీదనే పడును. అర్జునునికై దాచిన ఆ శక్తి ఘటోత్కచునిపై వ్యయమయ్యెను. సుత్తి తిరిగివచ్చుట విసరువానికి సౌకర్యము. శక్తి తిరిగిపోవుట కర్ణునికి రిక్తహస్తత.

సౌప్తికపర్వము మరింత స్పష్టము. అశ్వత్థామ కృష్ణుని చక్రమును కోరి, ఎడమచేతితోను పిదప కుడిచేతితోను ఎత్తజూచి, కదలింపలేకపోయెను. ఎవనిమీద ప్రయోగింపదలచితివని అడుగగా, నీమీదనే అని ఒప్పుకొనెను. ఆయుధము వశము కాకపోవుటకు ఇంతకన్న కారణము వలెనా? అతడే తరువాత బ్రహ్మశిరోస్త్రమును విడిచెను. అర్జునుడు ప్రత్యస్త్రము విడిచియు, నారదవ్యాసులు అడ్డుపడగా ఉపసంహరించెను. అశ్వత్థామ ఉపసంహరింపలేక పాండవస్త్రీల గర్భములవైపు మరలించెను. ఆ అస్త్రము మరియొక అస్త్రముచే నిరోధింపబడిన దేశమున పండ్రెండేండ్లు వర్షము కురియదని అచటనే చెప్పబడినది.

ఆటకును ఇతిహాసమునకును భేద మిచట తెలియుచున్నది. ఆటలో నియమములు ఆడువారి నడుమ సమత్వము నిలుపుటకు ఏర్పడినవి. ఒకని ఆయుధము మితిమీరినచో తక్కినవారికి ఆట చెడును. అది ఉచితమే. మహాభారతమున నియమము శీలమును పరీక్షించును. తప్పినచో ఫలము విసరినవానితో నిలువక పుట్టని శిశువును, యుద్ధమెరుగని రైతును తాకును. అక్కడ ఉపసంహారము ఆయుధములో ఇమిడిన గుణము. ఇక్కడ ప్రయోక్త ఆర్జించుకొనవలసిన యోగ్యత.

మన బోధనలో జారిపోయినది ఈ యోగ్యతయే. నేడు అస్త్రమనగానే రెండు అగ్నిగోళములు ఆకాశమున ఢీకొను దృశ్యము విద్యార్థికి స్ఫురించుచున్నది. పండితులమైన మనలోను కొందరు, "అస్త్రమనగా నేటి క్షిపణియే" అని సభలలో చెప్పి చప్పట్లు పొందుచున్నారు. ఆ సమీకరణము విజ్ఞానశాస్త్రమునకు నిరాధారము, కావ్యమునకు అపచారము. క్షిపణికి బ్రహ్మచర్యముతో పనిలేదు. అస్త్రమును క్షిపణి చేసినచో అర్జునాశ్వత్థామల భేదము మాసిపోవును. సౌప్తికమునకు అర్థమే లేకపోవును.

కావున అధ్యాపకమిత్రులకు నా మనవి యిది. ఎఱ్ఱన అరణ్యపర్వశేషమునందలి కర్ణకథను గాని, తిక్కన సౌప్తికమును గాని బోధించునపుడు ప్రతి ఆయుధమునకును అయిదు ప్రశ్నలు వేయుడు: ఇచ్చినవా డెవడు? పుచ్చుకొన్నవాని అర్హత యేమి? ఎన్నిమారులు ప్రయోగింపవచ్చును? తప్పిన ఫల మెవరికి? మరలింపగలవా డెవడు? ఆ అరుగుమీది బాలురు తమ సుత్తినిగూర్చి ఇందు చాలవరకు తామే అడిగికొనుచుండిరి. చివరి రెండును వారి గ్రంథములో లేవు. సౌప్తికమున కలవు. ఆ సాయంకాలము ఆట ముగిసిన పిదప అశ్వత్థామ కథ చెప్పితిని. వారు పాచికలు పక్కన పెట్టి వినిరి.