కాదనుటయు నొక మర్యాదయే

దరఖాస్తు వ్రాయుట మన బిడ్డలకు నేర్పుచున్నాము. అధికారి యెదుట వినయముగా మాటలాడుటయు నేర్పుచున్నాము. లభించిన యుద్యోగము తమకు తగదని తోచినప్పుడు దానిని మర్యాదగా వలదనుట మాత్రము ఏ యింటను నేర్పుట లేదు. ఇది స్వల్పలోపమని చదువరులు తలంపవచ్చును. మేమట్లు తలంపము.

మా గోరంట్ల వానకు మొగమువాచిన నేల. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో వేరుసెనగ చేలను నమ్ముకొని బ్రదికిన యనంతపురపు మెట్టసీమ యిది. ఇచ్చట నెలజీతమనగా నెండని బావి. ఆ బావులిప్పుడు కొంత చేరువకు వచ్చినవి. 2019లో పెనుకొండ చెంత కియా కార్ల కర్మాగారము ప్రారంభమైనది. 2024 జనవరిలో మా మండలమందలి పాలసముద్రమున కస్టమ్స్ శిక్షణాలయము వెలసినది. బెంగుళూరు మాకెన్నడును దూరము కాదు. కాబట్టి యొకే యువకునకు రెండుచోట్లనుండి పిలుపు వచ్చుట వింతగాదు. రెంటిలో నొకదానిని విడువకయు తప్పదు. విడుచు విధమెట్టిది? జాబు వ్రాయరు. ఫోను చేసిన నెత్తరు. గట్టిగా నడిగిన "చూతము లెండి" యందురు. లేదా తల్లికి లేని జబ్బు నంటగట్టుదురు.

ఈ మౌనమునకు వెల యిచ్చువారెవరు? ఒక పాఠశాలలో గణితోపాధ్యాయుని పదవి ఖాళీగా నున్నదనుకొందము. ఎన్నికైనవాడు రానని చెప్పడు. నెలరోజులు పిల్లలకు లెక్కలు లేవు. రెండవవాడుగా నిలిచినవాడు ఎండిన చేను వంక చూచి, తనకిక రాదనుకొని, వలస పోవును. తాను తినని కూటిపై మూతపెట్టి, ఆకలిగొన్నవానికి కనబడకుండ జేయుట వినయమా? ఇది క్రౌర్యమే యని మా యభిప్రాయము.

"నడచివచ్చిన లక్ష్మిని కాదనరాదు" అని పెద్దలందురు. కరవుసీమలో నామాటకు బలము కలదు, మేము కాదనము. కాని, రానని నిశ్చయించుకొన్నవాడు దానిని దాచుటచేత లక్ష్మి నిలుచునా? ఇంటివారి కోపమునకు వెఱచియే పలువురు దాచుచున్నారు. ఆ కోపమును క్రొత్తది కాదు. తంజావూరు రాజుగారి యాస్థానమునుండి వచ్చిన పిలుపును త్యాగరాజస్వామి స్వీకరింపలేదనియు, అందుకు కోపించి యన్నగారు పూజావిగ్రహములను కావేరిలో బడవైచిరనియు కథ ప్రసిద్ధము. నేటి యిండ్లలో విగ్రహములు నీటబడకున్నను, మాటలు నిప్పులవలె బడుచునే యున్నవి.

సత్యమును ప్రియముగా బలుకవలెననియు, ప్రియమైనను నసత్యము బలుకరాదనియు మనుస్మృతి చెప్పుచున్నది. ఆ గ్రంథమందలి పెక్కు విధులను మేమంగీకరింపకున్నను, ఈ యొక్కటి శిరోధార్యము. 1952 నవంబరులో ఇజ్రాయేలు దేశము తన యధ్యక్షపదవిని ఐన్‌స్టీనునకు నీయజూపినది. ఆయన యదే నెలలో బదులు వ్రాసెను. ఆ గౌరవమునకు హృదయము కదలినదనియు, అంగీకరింపలేకపోవుటకు విచారము, సిగ్గు కలుగుచున్నవనియు, మనుష్యులతో వ్యవహరించు నేర్పు తనకు లేదనియు దెలిపెను. ఒక రాజ్యమునకే యింత స్పష్టముగా బదులీయవచ్చునన్నప్పుడు, ఒక పాఠశాలకో, ఒక కంపెనీకో ఈయలేమా?

ఇందుకు నాలుగు వాక్యములు చాలును: పిలిచినందుకు కృతజ్ఞత, రాలేనను మాట, ఉన్న కారణమొక్కటి, చెప్పనిష్టము లేనిచో నదియు నక్కరలేదు, వారి పనికి శుభాకాంక్ష. నిశ్చయమైన దినముననే పంపవలెను. "ప్రస్తుతము", "వీలుచూచి" యను పదములు చేర్చరాదు. అవి లేని యాశను పుట్టించును.

ఉద్యోగమిచ్చువారికిని మా మనవి యొకటి. కాదన్నవానిని కృతఘ్నుడని దూరకుడు. మీరు పదిమందిని కాదన్నప్పుడు వారికొక జాబైనను వ్రాసితిరా? అడుగువాడే వినయము చూపవలెనను నాచారము బానిసత్వపు శేషము. రెండు వైపులను వర్తింపనిది మర్యాద కానేరదు.

తలిదండ్రులారా! ఈ యేడు మీ బిడ్డచే దరఖాస్తు వ్రాయించునప్పుడే, దాని ప్రక్కన నీ నాలుగు వాక్యములును వ్రాయించుడు. ఎవరి చేను తడియవలసిన నీరో మన గట్టున నిలిచిపోకుండుగాక.