అర్ధరాత్రి విధిలో ఎవరున్నారు?

రాజధానిలోని ఏ పెద్ద ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగం ముందైనా అర్ధరాత్రి దాటిన తర్వాత ఒక గంట నిలబడితే, భారతదేశం యావత్తూ అక్కడికి వచ్చిపోవడం కనిపిస్తుంది. బీహారు కూలీ, యమున ఆవలి బస్తీ గర్భిణి, రోడ్డు ప్రమాదంలో గాయపడిన విద్యార్థి - వీరిలో ఎవరికీ వైద్యుని ఎంచుకొనే వ్యవధి లేదు. అత్యాచారానికి గురైన స్త్రీ, కులం పేరిట దెబ్బలు తిన్న దళితుడు మొట్టమొదట నోరు విప్పవలసినదీ అక్కడే. కనుక అక్కడ తెల్లకోటు తొడిగినవారిలోనూ ఈ దేశం కనిపిస్తున్నదా అన్న ప్రశ్న అలంకారప్రాయమైనది కాదు.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి. కర్ వైద్య కళాశాలలో విధినిర్వహణలో ఉన్న యువ వైద్యురాలు హత్యాచారానికి బలి అయింది. ఆ తర్వాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం జారీ చేసిన మార్గదర్శకాలలో, సాధ్యమైనంత వరకు స్త్రీలకు రాత్రి విధులు తప్పించాలన్నది ఒకటి! రక్షణ కల్పించవలసినవారు పనినే తీసివేయబూనడం విడ్డూరం. సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు దీనిని తప్పుపట్టింది. భద్రత కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని స్పష్టం చేసింది. రాత్రి విధి లేకపోతే అత్యవసర వైద్యంలో స్త్రీకి మిగిలే స్థానం ఏమిటి?

కులం విషయానికి వస్తే, షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమంపై పార్లమెంటరీ సంఘం 2022లో ఢిల్లీ ఎయిమ్స్‌పై సమర్పించిన నివేదిక గమనించదగినది. 1,111 అధ్యాపక పదవులలో 275 అసిస్టెంటు ప్రొఫెసరు, 92 ప్రొఫెసరు పదవులు అప్పటికి ఖాళీగా ఉన్నాయి. తగిన అభ్యర్థులు దొరకలేదన్న మూస సమాధానాన్ని సంఘం అంగీకరించలేదు. ఏళ్ల తరబడి తాత్కాలికంగా పనిచేసినవారు ఖాళీల భర్తీ సమయానికి ఎంపిక కాకపోవడాన్ని ఎత్తిచూపింది. తాత్కాలికంగా రోగులను అప్పగించడానికి పనికి వచ్చినవాడు శాశ్వత పదవికి అనర్హుడెలా అయినాడు?

ప్రతిభ మాట ఎత్తేవారు లేకపోలేదు. సూపర్ స్పెషాలిటీ అధ్యాపక పదవులలో రిజర్వేషన్లు తగవని 2013లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాట నిజమే. అయితే అత్యవసర వైద్యం ఎం.డి. స్థాయి శాఖ. మన దేశంలో దానికి ప్రత్యేక శాఖగా గుర్తింపు వచ్చినదే 2009లో. తరతరాల పెత్తనాలు ఇంకా పాతుకొనని శాఖ ఇది. సరియైన పద్ధతులను ఇక్కడ మొదటినుంచీ అలవరచడం సులభం.

అందుకు ముందు లెక్క కావాలి. 2005లో హైదరాబాదులో 108 సేవ మొదలైన నాటినుంచీ, పిలుపు అందిన ఎన్ని నిమిషాలకు బండి చేరిందో లెక్కించడం మనకు అలవాటైంది. లెక్కించినందువల్లనే ఆలస్యం ప్రశ్నార్హమైంది. సిబ్బంది విషయంలో ఆ శ్రద్ధ కానరాదు. ఆసుపత్రి మొత్తానికి ఒకే శాతం చెప్పి ఊరుకుంటే, అత్యవసర విభాగంలో ఎవరున్నారో తెలియదు. ఎందరు దరఖాస్తు పెట్టారు, ఎందరిని ఇంటర్వ్యూకు పిలిచారు, ఎందరిని తీసుకున్నారు, మూడేళ్లలో ఎందరు విడిచి వెళ్లారు - ఈ నాలుగు అంకెలూ స్త్రీ పురుషుల వారీగా, సామాజిక వర్గాల వారీగా, శాశ్వత, కాంట్రాక్టు ఉద్యోగాల వారీగా కావాలి. చిన్న విభాగాలలో వ్యక్తులు బయటపడే ప్రమాదం ఉన్నది గనుక అనేక ఆసుపత్రుల లెక్కలను కలిపి ప్రకటించవచ్చు.

అంకెలే న్యాయం చేయవన్నది నిజం. విశ్రాంతి గది, తలుపుకు గడియ, కాపలా మనిషి లేనిచోట చేరినవారు నిలువరు. అయితే అంకెలు లేనిచోట అన్యాయానికి చిరునామా ఉండదు. ఆరోగ్య మంత్రి ఏటా ఈ పట్టికను ఉభయ సభల ముందుంచాలని మన సభ్యులు పట్టుబట్టాలి. తగినవారు దొరకలేదన్న సమాధానం మళ్లీ వస్తే, ఎక్కడ వెదికారని అడగడానికి అప్పుడు వారి చేతిలో ఆధారం ఉంటుంది.