సిలిండర్ చవకే, నింపేదెవరు?

దుక్కుల కాలం దగ్గరకొచ్చింది. విరిగిన కల్టివేటర్లు, పగుళ్లిచ్చిన ట్రాలీ చాసిస్‌లు ఇంకా చెట్ల కిందే పడున్నాయి. పట్నంలో వెల్డింగు షాపుకు తీసుకెళ్తే రేపు రమ్మంటారు, రేపు పోతే కరెంటు లేదంటారు. అందుకే చాలా ఊళ్లలో నలుగురైదుగురు రైతులు కలిసి సొంతంగా గ్యాస్ కటింగు, వెల్డింగు సామాను పెట్టుకుంటున్నారు. మంచి ఆలోచనే. చిక్కల్లా సిలిండర్ దగ్గరే వస్తోంది.

ఏజెన్సీలో సిలిండర్ తీసుకుంటే డిపాజిట్ కట్టాలి, గడువు దాటితే రోజు లెక్కన అద్దె కట్టాలి. ఏడాదికి పది రోజులు వాడుకునే రైతుకు ఆ అద్దె గుదిబండ. సరిగ్గా అప్పుడే షాపు మూసేసుకున్న వాడో, పాత ఇనుము వ్యాపారో తగులుతాడు. "సగం ధరకిస్తా అన్నా, నీ సొంతం, ఇక అద్దె గొడవే ఉండదు" అంటాడు. మొన్న మండల సమావేశంలో ముగ్గురు రైతులు ఇదే సంగతి చెప్పారు. ముగ్గురూ రొక్కమిచ్చి కొన్నారు. ముగ్గురినీ గ్యాస్ నింపే చోట తిప్పి పంపారు. ఒకరి సిలిండర్ మీదైతే గ్యాస్ కంపెనీ పేరే గుద్ది ఉందట. "ఇది మా సిలిండరే, మీ చేతికెలా వచ్చింది?" అని ఆయన్నే నిలదీశారు. అమ్మినవాడి ఫోను అప్పటికే మూగబోయింది.

అరెకరం కొన్నా ఈసీ తీయించకుండా డబ్బివ్వం. గేదెను కొంటే పళ్లు చూస్తాం, రెండు పూటలా పాలు పిండి చూస్తాం. సిలిండర్‌కూ అలాంటి జాతకం ఉంది. దాని భుజం మీద ఉక్కులోనే గుద్ది ఉంటుంది: చేసినవారి గుర్తు, నంబరు, ఖాళీ బరువు, చివరిసారి పరీక్ష చేసిన నెల, సంవత్సరం. ఆక్సిజన్ సిలిండర్‌ను 5 ఏళ్లకోసారి నీటి పీడనంతో పరీక్ష చేయించాలి. గడువు దాటినదాన్ని నింపకూడదు. పరీక్షలో తప్పిందా, దాన్ని పనికిరాకుండా చేసేస్తారు, ఇక తుక్కు ధరే. నంబరు గ్రైండరుతో అరగదీసి ఉంటే బేరమే ఆడొద్దు. ఆక్సిజన్‌కు నలుపు, ఎసిటిలీన్‌కు మెరూన్ రంగు ఉండాలి. కానీ రంగును నమ్మలేం, డబ్బా పెయింటు ఎవడైనా పూస్తాడు.

డబ్బిచ్చే ముందు చేయాల్సింది ఒక్కటే. గుద్దిన అక్షరాలన్నీ ఫోనులో ఫొటో తీసి, మీరు నింపించుకోబోయే చోటికి వెళ్లి చూపించండి. "మా పేరున దీన్ని నింపుతారా, ఏ కాగితాలు కావాలి?" అని అడగండి. వాళ్లు సరేనంటేనే బేరం. కొనుగోలు రసీదులో సిలిండర్ నంబరు రాయించుకోండి. ఒకటి రెండు సిలిండర్లు ఉంచుకోడానికి లైసెన్సు అక్కర్లేదు, కానీ అది మీదేనని చూపే కాగితం లేకపోతే యాభై కిలోల ఇనుము కొన్నట్టే.

ప్రాణాల సంగతీ ఉంది. ట్రాక్టరు వెనక టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. నిండు ఆక్సిజన్ సిలిండర్‌లో 150 కిలోల దాకా ఉంటుంది. లోపల తుప్పు తిన్నదో, మంటల్లో కాలిందో పైకి తెలియదు. దాని వాల్వుకు గ్రీజు, నూనె తగలనివ్వకూడదు. మన చేతులకేమో ఎప్పుడూ గ్రీజే! ఎసిటిలీన్‌ది ఇంకో తీరు. దాని లోపల గుల్లగా ఉండే పదార్థం, అందులో ఎసిటోను ఉంటాయి. ఆ గుల్ల చెడితే బయటి నుంచి కనిపెట్టలేం. దాన్ని పడుకోబెట్టి వాడకూడదు. ఇంటి గ్యాస్ బండను కటింగుకు తగిలించేవాళ్లూ ఉన్నారు. అది చట్టవిరుద్ధం, ఆ మాట ఇక్కడికి చాలు.

రైతు ఆశపడ్డాడని తప్పుపట్టేవాళ్లతో మేము ఏకీభవించం. అద్దె భారమే అతన్ని అటు నెట్టింది. సహకార సంఘాలు ఎరువులు అమ్ముతున్నాయి, కొన్నిచోట్ల యంత్రాలు కిరాయికిస్తున్నాయి. ఆ యంత్రం విరిగితే అతికించే దిక్కు మాత్రం లేదు. ప్రతి ప్రాథమిక సహకార సంఘం తన పేరున ఒక ఆక్సిజన్, ఒక ఎసిటిలీన్ సిలిండర్ తీసుకుని, పని తెలిసిన ఒక కుర్రాడిని పెట్టి, గంటల లెక్కన రైతులకు పని చేయించాలి. అద్దె వందమంది మీద పడితే ఒక్కరికీ బరువనిపించదు. ఈ తీర్మానం నమూనాను గ్రామ కమిటీలకు పంపుతున్నాం. వచ్చే మహాజన సభలో పెట్టించండి. ఇప్పటికే పాత సిలిండర్ కొని మోసపోయినవాళ్లు దాని నంబరు, ఇచ్చిన సొమ్ము, ఉంటే రసీదు తీసుకుని మండల కార్యాలయానికి రండి. అందరివీ కలిపి ఒకే ఫిర్యాదుగా పెడదాం.