దండచేతుల గరుకు

గడచిన మార్గశిరమాసమున ఒక సోదరి నాకు దీర్ఘమైన లేఖ వ్రాసిరి. ఆమె కుమార్తెకు పందొమ్మిది సంవత్సరములు. పట్టణమున కళాశాలలో చదువుచు వసతిగృహమునం దున్నది. ఆ బాలికకు దండచేతుల వెనుకభాగమున చర్మమంతయు గరుకై, ఆవగింజలకన్న చిన్నవగు గింజలు లెక్కకు మిక్కిలిగా లేచి, చేతితో తడవిన జల్లెడ అడుగును తడవినట్లుండునట. నొప్పి లేదు, దురద లేదు. కాని తోడి బాలిక యొకతె యిది అంటుజబ్బని తలచి తన తువ్వాలు వేరుగా దాచుకొన్నది. నాటినుండి యీ పిల్ల స్నానమునకు పోయినప్పుడెల్ల బీరపీచుతో నెత్తురు వచ్చువరకు తోముకొనుచున్నది. గింజలు పోలేదు సరికదా, వాని చోట నల్లని మచ్చలు గూడ తేలినవి. మాఘమాసమున మేనమామ కూతురి పెండ్లి. ఆ పెండ్లికి కుట్టించిన రవికె పొట్టిచేతులదని పెట్టె అడుగున పడవేసినదట. “దీనికి మందేమి? చిన్నతనమున నేను దానికి నలుగు సరిగా పెట్టకపోవుటవలన నిట్లయినదా?” యని ఆ తల్లి యడిగిరి.

రెండవ ప్రశ్నకే ముందు ప్రత్యుత్తరము చెప్పెదను. కాదు. ఇది మురికి కాదు, పెంపకములోని లోపము కాదు, అంటుకొనునది అంతకన్న కాదు. ఒకే తువ్వాలుతో ఇంటిల్లిపాది తుడుచుకొన్నను ఒకరినుండి మరియొకరికి రాదు. (ఎవరి తువ్వాలు వారికుండుట మంచిదే, అది వేరు సంగతి.)

వైద్యులు దీనికి కెరటోసిస్ పైలారిస్ అని పేరు పెట్టిరి. మొదటి మాట కొమ్ము అను నర్థముగల గ్రీకు శబ్దమునుండియు, రెండవది రోమము అను నర్థముగల లాటిను శబ్దమునుండియు వచ్చినవి. పేరులోనే రోగలక్షణ మున్నది. మన చర్మము పైపొర, వెండ్రుకలు, గోళ్లు, ఆవు కొమ్ములు, ఇవన్నియు కెరటిన్ అను నొకే జాతి పదార్థముతో నేర్పడినవి. చర్మపు పైపొర అనుదినము కంటికి కనబడని పొట్టుగా రాలిపోవుచుండవలెను. కొందరిలో రోమకూపముల మూతికడ ఆ పొట్టు రాలక, పేరుకొని, బిరడావలె బిగిసికొనును. ఒక్కొక్కప్పుడు సన్నని వెండ్రుక బయటకు రాలేక దాని క్రిందనే చుట్టుకొని యుండును. ఆ బిరడాయే మన చేతికి తగులు గింజ. చలికి గగుర్పొడిచిన చర్మము మరల చదునుకాక అట్లే నిలిచిపోయినట్లు కనబడును. ఈకలు పెరికిన కోడిని జ్ఞప్తికి తెచ్చుటచే ఇంగ్లీషువారు దీనిని కోడిచర్మ మందురు. మనకంతకన్న సుకుమారమైన మాట దొరకకపోదు.

దండచేతుల వెలుపలి, వెనుక భాగములు దీని ముఖ్యస్థానములు. తొడల ముందువైపునను, పిరుదులపైనను, చిన్నపిల్లలకు చెక్కిళ్లపైనను గూడ కనబడును. బాల్యమున ప్రారంభమై, యౌవనము వచ్చునప్పటికి హెచ్చి, వయస్సు ముదిరినకొలది పలువురిలో దానంతటదియే తగ్గును. యౌవనదశలోని వారిలో సగముమందికి పైగాను, పెద్దవారిలో నూటికి సుమారు 40 మందికిని ఎంతో కొంత ఉండునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. తువ్వాలు దాచుకొన్న ఆ బాలిక తన చేతులు తడవి చూచుకొన్నదో లేదో!

ఇది చాలవరకు కుటుంబములలో వచ్చునది. కాబట్టి నేనా సోదరికి మందు వ్రాయుటకు ముందు ఒక్క కోరిక కోరితిని: “దయచేసి మీ దండచేతులు వెలుతురున చూచుకొనుడు.” వారము దినములకు ప్రత్యుత్తరము వచ్చెను. “నాకును ఉన్నవి. ఇరువది సంవత్సరములుగా మోచేతివరకు చేతులుగల రవికెలే తొడుగుచున్నాను. ఏల తొడుగుచున్నానో నేనే మరచితిని. మా అమ్మకును ఇట్లే యుండెనని ఇప్పుడు తోచుచున్నది” అని వ్రాసిరి. ఆ లేఖను కుమార్తెకు గూడ చూపుమని మరల వ్రాసితిని. తన చేతులు తల్లినుండియు అమ్మమ్మనుండియు వచ్చినవని తెలిసిన పిల్ల, వానిని పీచుతో తోముటకు ముందు కొంచె మాలోచించును.

పొడిచర్మము, గజ్జి కాని దీర్ఘకాలపు దురదపొక్కులు, ఉబ్బసము కలవారి కుటుంబములలో ఈ గరుకు మరింత తరచుగా కనబడును. చర్మమును బిగువుగా కాపాడు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు కొందరిలో పుట్టుకతోనే కొరవడునని 2006లో స్కాట్లండునందలి డండీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కనుగొనిరి. అట్టివారి అరచేతులలో గీతలు సాధారణముకన్న దట్టముగా నుండును. అరచేయి చూచి జాతకము చెప్పువారి మాట యెట్లున్నను, చర్మవైద్యుడు అరచేయి చూపుమన్నప్పుడు నవ్వక చూపవలెను.

ఇక తోముట. గింజ కనబడగానే గీకివేయవలెననిపించుట సహజము. కాని అది చర్మముపై నంటిన వస్తువు కాదు, లోపలినుండి పెరుగునది. ఎంత తోమినను రెండు దినములలో మరల వచ్చును. ఈలోపల ఒరిసికొనిపోయిన చర్మము వాచును. మన చామనఛాయ చర్మమునకు ఒక స్వభావము కలదు: ఎక్కడ మంట పుట్టినను అక్కడ నల్లని వర్ణము నింపుకొనును. గింజ గరుకు మాత్రమే. మచ్చ మనము తెచ్చుకొన్నది. గింజను గోటితో గిల్లుటయు ఇట్టిదే. నిమ్మచెక్కతో రుద్దుడని చెప్పువారున్నారు. నిమ్మరసము పూసికొని ఎండలో తిరిగిన చర్మము కాలినట్లు బొబ్బలెక్కవచ్చును. గరుకు ఉప్పుతోను పంచదారతోను రుద్దుటయు మేలుకాదు.

నలుగునకు నేను విరోధిని కాను. నువ్వులనూనె అంటుకొని, మెత్తగా జల్లించిన పెసరపిండితో నెమ్మదిగా తుడుచుకొనుటలో దోషము లేదు. పెద్దముత్తైదువలు ప్రేమకొలది బలము చూపుదురే, అదియే వలదనుచున్నాను.

స్నానమునకు నీరు గోరువెచ్చగా నుండవలెను. ధనుర్మాసపు చలిలో పొగలు క్రక్కు నీరు హాయిగానే యుండును గాని, అది చర్మమునందలి సహజమైన జిడ్డును కరగించి కొనిపోవును. ఈ గరుకు చలికాలమున హెచ్చి, వేసవిలో ఉక్కపోయునప్పుడు తగ్గుటకు కారణము గాలిలోని తేమయే. కాబట్టి పది నిమిషములకు మించక స్నానము ముగించి, దండచేతులకు ఘాటైన సబ్బు మాని, మెత్తని తువ్వాలుతో అద్దుకొని, తడి పూర్తిగా ఆరకమునుపే పూతమందు రాచుకొనవలెను. తడిపై రాచినది తేమను లోపల బంధించును. ఆరిన చర్మముపై రాచినదానికి ఆ బల ముండదు. పూతమందు సీసా గదిలోని బీరువాయందు గాక స్నానాలగది తలుపు ప్రక్కన నుంచుకొనుడు. ఇది చిన్న సంగతివలె తోచును గాని, మందు వాడుటకును వాడక మరచుటకును భేద మంతయు అక్కడనే యున్నది.

ఏ మందు? బిరడాను గీకక కరగించునది కావలెను. మందుల దుకాణములలో యూరియా కలిసిన లేపనములు దొరకును. నూటికి 10 పాళ్లు గలదానితో ప్రారంభించి, మంట లేనిచో 20 పాళ్లు గలదానికి పోవచ్చును. యూరియా యనగానే మనకు పొలమున చల్లు ఎరువు జ్ఞప్తికి వచ్చును. మూలపదార్థ మొకటే. మన చర్మమునందు సహజముగనే కొంత యూరియా యుండి తేమను పట్టి యుంచుచున్నది. అంతమాత్రమున ఎరువుబస్తా విప్పి గుప్పెడు తీసి కొబ్బరినూనెలో కలుపరాదు. ఎరువు చర్మమునకై శుభ్రపరచినది కాదు, నూనెలో కరగదు, దాని పాలెంతో మనకు తెలియదు. 2015 నుండి మనదేశమున ఆ ఎరువునకు వేపనూనె పూయుచున్నారు గదా, వేప చర్మమునకు మంచిదే గదా యని యెవరైన వాదించినను వినవలదు.

రెండవది లాక్టిక్ ఆమ్లము. 1780లో షీలె అను స్వీడను దేశపు రసాయనికుడు పులిసిన పాలనుండి దీనిని వేరుచేసెను. పెరుగుమీగడ పూసి స్నానము చేయించిన మన పెద్దలకు ఆ పేరు తెలియకున్నను దాని గుణము కొంత తెలిసియుండెను. కాని పెరుగులో ఈ ఆమ్లము నూటికి ఒక పాలుకన్న మించి యుండదు. బిరడా కరగుటకు 12 పాళ్లవరకు గల లేపనములు వాడుదురు. కాబట్టి పెరుగువలన చర్మము కొంత మెత్తబడును గాని గరుకు పోదు. లేపనము అట్టపై “లాక్టిక్ ఆసిడ్” అని గాని “అమ్మోనియం లాక్టేట్” అని గాని ఉన్నదేమో చూచుకొనుడు. దీనిని వాడునప్పుడు చేతులకు ఎండ సోకనీయకుండుట మంచిది. సాలిసిలిక్ ఆమ్లము కలిసినవియు కలవు. వీనిలో ఏదో యొక్కటి చాలును; అన్నియు ఒకేసారి పూసినవారికి గరుకునకు బదులు మంట మిగులును.

రాత్రి ఒకసారి, ఉదయము స్నానానంతర మొకసారి రాచుచు, నాలుగు మొదలు ఆరు వారములు ఓపిక పట్టవలెను. గరుకు ముందు తగ్గును. నల్లమచ్చలు మానుటకు నెలలు పట్టును. తగ్గినదని పూర్తిగా మానినచో మరల వచ్చును. అప్పుడు దినదినము అక్కరలేదు, వారమునకు రెండు మూడుసార్లు చాలును. సమూలముగా పోగొట్టెదమని ప్రకటించువారిని నమ్మకుడు. వైద్యులు ట్రెటినాయిన్ వంటి మందులను, లేజరు చికిత్సను గూడ కొందరికి చెప్పుదురు. మొదటిది గర్భిణులు వాడరాదు. రెండవది ఖర్చుతో కూడినది. దానివలన నైనను శాశ్వతముగా పోవునని చెప్పుటకు లేదు.

ఇంకొక సంగతి నొక్కి చెప్పవలసియున్నది. నలుపు పోవుటకని మందుల దుకాణమువాడు చేతికిచ్చు చిన్న గొట్టములలో పలువాటియందు స్టెరాయిడు ఉండును. మొదట నాలుగు దినములు చర్మము తెల్లబడి నున్ననైనట్లు తోచును. నెలలు గడచినకొలది చర్మము కాగితమువలె పలుచబడి, లోపలి నరములు తేలి, చారలు పడును. ఆ చారలు పోవు. ఇట్టి 14 రకముల స్టెరాయిడు పూతమందులను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము కట్టుదిట్టము చేసినది. అయినను చీటి అడుగని దుకాణములు మన వీథులలో నున్నవని మీకును తెలియును.

గరుకు లన్నియు ఒకటి కావు. అన్నము చాలని పిల్లలకు మోచేతులపైనను, మోకాళ్లపైనను ముండ్లవంటి బిరుసు గింజలు లేచును. 1933లో నికల్స్ అను వైద్యుడు దీనిని వర్ణించి, కప్పచర్మము అను నర్థము వచ్చునట్లు ఫ్రైనోడెర్మా అని పేరుపెట్టెను. ఏ విటమిను కొరతయే కారణమని మొదట తలచిరి. అత్యవసరమైన కొవ్వులు, బి విటమినులు కొరవడుటయు కారణమని తరువాత తేలినది. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా ప్రారంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థయందు దీనినిగూర్చి పరిశోధనలు జరిగినవి. మీ యింట గాని, మీ యింట పనిచేయువారి యింట గాని చిక్కిపోయిన బిడ్డకు మోచేతులపై ఇట్టి గింజలుండి, రేచీకటి గూడ ఉన్నచో ఆలస్యము చేయక వైద్యునికడకు కొనిపొండు. అక్కడ కావలసినది లేపనము కాదు, ఆహారము: మునగాకు, తోటకూర, పప్పు, పాలు, గ్రుడ్డు, అన్నములో చెంచాడు నూనె. దండచేతుల గరుకు మాత్రము కడుపునిండ తినువారికిని వచ్చును, తిండి మార్చినంతమాత్రమున పోదు. దానికై విటమిను ఏ మాత్రలు తమంతతాము మింగుట ప్రమాదము. గర్భిణులకు మరియు ప్రమాదము.

ఆ బాలిక సంగతి చెప్పి ముగించెదను. తల్లి పంపిన లేపనము రాచుకొనగానే భగ్గుమని మండినదని, ఇది తనకు సరిపడదని నాకే స్వయముగా వ్రాసినది. పీచుతో గాయపడిన చర్మముపై యూరియా పెట్టిన మండక యేమగును? పీచు పారవేసి, పది దినములు ఉత్త కొబ్బరినూనె మాత్రమే రాచి, గాయములు మానిన పిదప మరల ప్రారంభింపుమంటిని. పెండ్లినాటికి గరుకు కొంత తగ్గినదట, మచ్చలు తగ్గలేదట. ఆ రవికె తొడిగెనో లేదో వ్రాయలేదు, నేనును అడుగలేదు. కాని తల్లి మాత్రము మొన్న మరియొక ప్రశ్న వేసిరి: నలుబదియైదేండ్ల వయస్సున తానును ఆ మందు వాడవచ్చునా, వాడిన నవ్వుదురా యని. తప్పక వాడవచ్చును. ఇద్దరికిని ఒక సీసా చాలదు, రెండు కొనవలెను.