భూగర్భ చిత్రం – అనుమాన ప్రమాణం



2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు మన కరీంనగర్ సీమలోనూ ఆ స్పందన తెలిసినది. అనంతరం ఆలయానికి విచ్చేసిన ఒక భక్తుడు ప్రశ్నించాడు: “అయ్యగారూ, కంపతరంగాలతో శాస్త్రజ్ఞులు భూగర్భాన్ని చూస్తున్నారట. అంటే మన అతల వితల పాతాళాలను కనుగొన్నట్లే కదా?”

కాదన్నాను. కారణం విన్నవిస్తాను.

ఆదిలాబాదు నల్లరేగడికి మాతృకయైన బసాల్టు శిల సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కనుపై ప్రవహించిన లావా ఘనీభవించగా ఏర్పడినది. ఆ లావాకు మూలమని భావించే తప్తస్థానం నేడు హిందూమహాసముద్రంలో రీయూనియన్ ద్వీపం క్రింద ఉన్నది. 2012లో ఫ్రెంచి, జర్మను శాస్త్రజ్ఞులు ఆ ద్వీపం చుట్టూ సముద్రతలంపై 57 భూకంపలేఖినులను నిలిపారు. దూరదేశాల భూకంపాల తరంగాలు భూప్రావారం గుండా రావడానికి పట్టిన కాలాన్ని గణించారు. తప్తశిలలో తరంగం మందగిస్తుంది. శీతల శిలలో త్వరపడుతుంది. 2021లో ప్రకటించిన చిత్రంలో, 2,900 కిలోమీటర్ల లోతున కేంద్రమండలపు అంచు నుండి ఉష్ణశిల ఏకస్తంభంగా కాక, వృక్షం వలె శాఖలుగా పైకి లేచినట్లు గోచరించినది.

వృక్షమనగానే ‘ఇది గీతలోని అశ్వత్థమే’ అనేవారూ ఉంటారు. ఆ అశ్వత్థం సంసారం, వైరాగ్యంతో ఛేదింపదగినది. భూగర్భశిలను ఛేదించి ముక్తుడైనవాడెవడు?

శాస్త్రజ్ఞులెవరూ లోనికి దిగి చూడలేదు. కార్యాన్ని బట్టి కారణాన్ని గ్రహించారు. నైయాయికులు దీనినే శేషవదనుమానమన్నారు. ధర్మపురిలో ఎండ కాస్తుండగా గోదావరి పొంగితే, ఎగువన వర్షించినదని మనం గ్రహించమా?

అయితే అనుమానానికి వ్యాప్తిపరీక్ష అవసరం. పసిఫిక్ మహాసముద్రంలోని ఓంటాంగ్ జావా పీఠభూమి క్రింద సుమారు 300 కిలోమీటర్ల లోతు వరకు తరంగాలు మందగించాయి. మందగమనమున్నచోట తాపమే ఉన్నదని నిశ్చయించక, శిలాద్రవ్యంలోని భేదమే కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు. వ్యభిచారశంకను విడువని ఈ నిష్ఠ మన తర్కపాఠశాలలో నేర్పినదే. మనకూ వారికీ బంధుత్వమున్నది ఇక్కడ, పాతాళంలో కాదు.

ఇందులో ప్రమాదమేమున్నది? నేటి చిత్రం రేపు మారుతుంది. మారడమే దాని ధర్మం. శ్రుతిని ఆ చిత్రానికి ముడివేసి బాలురకు బోధిస్తే, చిత్రం మారిననాడు వారికి శ్రుతిపైనే విశ్వాసం సడలుతుంది. ఆ దోషం శాస్త్రజ్ఞులది కాదు, మనది. ఏ ప్రమాణం స్వవిషయంలోనే ప్రమాణం. నేత్రం శబ్దాన్ని గ్రహించలేదు. కంపలేఖిని ఆత్మను గ్రహించలేదు. ఉపనిషత్తు శిలల ఉష్ణోగ్రతను చెప్పనక్కరలేదు.

ప్రాతఃకాలంలో పాదం మోపే ముందు భూమాతను క్షమింపుమని వేడుకొంటాము. ఆ పాదం క్రింద ఎంతటి అగాధమున్నదో తెలిసిన కొలదీ ఆ ప్రార్థన గాఢమవుతుందే గాని తరుగదు.

శుభం భూయాత్.