వలస కూలీలు పని మానితే ఒరిగిందేమిటి?

నాట్ల అదనులో నాలుగు రోజులు కూలీలు రాకపోతే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. నారు ముదిరిపోతుంది. కూలీ అడిగినంత ఇవ్వక తప్పదు. ఇదే ఎత్తుగడను అమెరికాలోని వలస కార్మికులు 2006 మే 1న దేశమంతటా ప్రయోగించారు. ఆ రోజు పనికి పోరాదు, పిల్లలను బడికి పంపరాదు, దుకాణాలలో పైసా ఖర్చు చేయరాదన్నది పిలుపు.

అయితే వారు అడిగింది కూలి పెంపు కాదు. 2005 డిసెంబరులో అక్కడి ప్రతినిధుల సభ ఒక బిల్లును ఆమోదించింది. దాని ప్రకారం సరైన కాగితాలు లేకుండా ఆ దేశంలో ఉండడమే జైలుకు పంపదగిన పెద్ద నేరం. అటువంటి వారికి సాయపడినవారూ శిక్షార్హులే. అప్పటికి అలా బ్రతుకుతున్నవారు కోటి మందికి పైమాటే. అందులో అధికులు మెక్సికో వారు. ఓటు లేనివాని గడప ఏ నాయకుడు తొక్కుతాడు? వారి చేతిలో ఉన్నది పని ఒక్కటే.

పిలుపు వమ్ము కాలేదు. లాస్ ఏంజెలిస్, షికాగో నగరాలలో లక్షలాది మంది వీధులలోకి వచ్చారు. లాస్ ఏంజెలిస్ ఓడరేవులో చాలా వరకు లారీలు కదలలేదు. మాంసం వ్యాపారం చేసే టైసన్, కార్గిల్ కంపెనీలు పలుచోట్ల తమ ప్లాంట్లను తామే మూసుకున్నాయి. ఇది కూలీల మీద ప్రేమ అనుకోరాదు. మనుషులు రారని ముందే తెలిసిపోయింది, అంతే.

వలస వారి పక్షాన నిలిచిన వారందరూ పని మానమనలేదు. లాస్ ఏంజెలిస్ కార్డినల్ మహోనీ పనికి, బడికి వెళ్లి ఆ తర్వాతే ఊరేగింపుకు రమ్మన్నారు. దీనిని పిరికితనమని కొట్టివేయరాదు. రోజు కూలి పోతే పొయ్యి వెలగని ఇళ్లు అక్కడా ఉన్నాయి.

చివరకు ఆ బిల్లు చట్టం కాలేదు. ఆ ఘనతంతా సమ్మెదే అంటే అతిశయోక్తి అవుతుంది. కూలీలు కావలసిన కంపెనీలు, చర్చీలు కూడా ఆ బిల్లును ఎదిరించాయి. కాగితాలు మాత్రం రాలేదు. అదే ఏడు అక్టోబరులో సరిహద్దు కంచెకు చట్టం వచ్చింది. డిసెంబరులో స్విఫ్ట్ మాంసం కంపెనీకి చెందిన ఆరు ప్లాంట్లపై దాడి చేసి సుమారు 1,300 మందిని పట్టుకుపోయారు.

2017 ఫిబ్రవరి 16న మరల అదే పిలుపు వచ్చింది. ఈసారి పాల్గొన్నవారు తక్కువ. వందకు పైగా కార్మికుల ఉద్యోగాలు పోయినట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి. ప్లాంటు మొత్తం కూర్చుంటే యజమాని దిగివస్తాడు, పదిమందే కూర్చుంటే పదిమందినీ ఇంటికి పంపుతాడు.

జగిత్యాల, కోరుట్ల, ఆర్మూరు ప్రాంతాల నుండి దుబాయి పోయినవారికి ఈ మాత్రం వెసులుబాటు కూడా లేదు. అక్కడ కార్మిక సంఘం పెట్టరాదు, సమ్మె చేయరాదు. అయినా 2006 మార్చిలో, ఇప్పుడు బుర్జ్ ఖలీఫా అంటున్న భవనం కట్టే చోట కూలీలు తిరగబడ్డారు. వీసా యజమాని చేతిలో ఉన్నప్పుడు పని మానినవానికి మిగిలేది తిరుగు విమానమే. ఆ వీసా కోసం తెచ్చిన అప్పుకు మిత్తి మాత్రం ఊళ్లో పెరుగుతూనే ఉంటుంది.